కొసరు

మావారికి పొద్దున్నే పేపరు పైకి చదివే అలవాటుంది. ఇంట్లో ఎవరూ వినకపోయినా సరే, చదువుతారు. 2025 ఏప్రిల్‌లో ఓ ఉదయం కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కళ్ళజోడు పైకి తోసుకుని, "విన్నావుటోయ్! చేపలు పట్టనందుకు ఇరవై వేలట!" అన్నారు.

"ఎవరికి?" అన్నాను వంటింట్లోంచి.

"మత్స్యకారులకి. రెండు నెలలు సముద్రంలోకి వెళ్ళకుండా ఇంట్లో కూర్చుంటే ప్రభుత్వం కుటుంబానికి ఇరవై వేలిస్తోంది. నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్క చేపనీ పట్టలేదు. నాకెంత రావాలో నువ్వే లెక్క కట్టు!"

మా అమ్మాయి పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. బెండకాయలు తరుగుతున్న మా అత్తగారు మాత్రం తలెత్తకుండానే, "నువ్వు పట్టలేదు గాని, తిన్నావు కదరా" అన్నారు.

ఆయన మళ్ళీ పేపర్లో తలదూర్చేశారు. నాకు మాత్రం ఆవిడ మాట ఆ రోజంతా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

సంగతేమిటంటే, మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులపాటు, మరబోట్లూ మోటారు పడవలూ వేటకి వెళ్ళకూడదు. చాలా రకాల చేపలు గుడ్లు పెట్టే కాలం అది. మన ఆడవాళ్ళ భాషలో చెప్పాలంటే, సముద్రం పురిటిగదిలో ఉంటుందన్నమాట. అప్పుడు వల వేస్తే పోయేది ఒక్క చేప కాదు, దాని కడుపులో ఉన్న సంతానమంతా పోతుంది. ఆ రెండు నెలలూ వేట మానుకున్న కుటుంబానికి ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చే భృతి ఒకప్పుడు 4,000 రూపాయలుండేది. 2019లో 10,000 అయింది. 2025లో 20,000 చేశారు. 61 రోజులకీ పంచి చూశాను. రోజుకి 328 రూపాయలు. ఆదివారంనాడు మావారు ముచ్చటపడి తెచ్చే వంజరం ముక్కల ఖరీదు అంతకంటే ఎక్కువే.

అయితే నన్ను పీడించిన ప్రశ్న ఆ సొమ్ము ఎక్కువా తక్కువా అని కాదు. మంచిపని చేసినందుకు డబ్బివ్వడం మంచిదేనా అని. డబ్బు పుచ్చుకుని చేస్తే అది మంచిపని అవుతుందా, కూలిపని అవుతుందా? కాలేజీలో ఫిలాసఫీ చదువుకున్న రోజుల్లో ఇలాంటి ప్రశ్నలకి నాలుగేసి పేజీల జవాబులు గడగడా రాసేదాన్ని. ఇప్పుడు నాలుగు వాక్యాలు రాయాలన్నా భయమేస్తోంది. సంసారం చేసిన తరువాత ఏ ప్రశ్నా పరీక్ష కాగితంలో ఉన్నంత శుభ్రంగా కనబడదు కదండీ!

నా నవలల్లో నాయికలంతా అభిమానవతులు. ఎవరైనా చెక్కు రాసి చేతిలో పెడితే ముక్కలు ముక్కలుగా చింపి మొహాన కొట్టి, తలెత్తుకుని గుమ్మం దిగి వెళ్ళిపోతారు. చదివినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నామని రాస్తారు. ఒకసారి ఒకావిడ మాత్రం ఇంకోలా రాసింది. "మీ సుజాత చెక్కు చింపేసింది, చాలా బాగుందండీ. ఇంతకీ ఆ నెల ఇంటద్దె ఎలా కట్టింది?" అని. ఆ ఉత్తరానికి నేనింతవరకూ జవాబు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నదే ఆ జవాబు అనుకోండి.

మొదట డబ్బివ్వకూడదు అనేవాళ్ళ మాట విందాం. వాళ్ళ మాటలోనూ న్యాయముంది.

మా పిల్లల చిన్నతనంలో మావాడు అల్లరి పిడుగు. ఇంటికి ఎవరైనా వస్తే, "కాసేపు బుద్ధిగా కూర్చుంటే చాక్లెట్ ఇస్తాను" అనేదాన్ని. కూర్చునేవాడు. చాక్లెట్ తినేవాడు. అమ్మాయి అడక్కుండానే బుద్ధిగా ఉండేది. దానికి చాక్లెట్ ఇవ్వాలని నాకెప్పుడూ తోచలేదు. ఒకరోజు అది నా కొంగు పట్టుకుని చాలా సీరియస్‌గా అడిగింది: "అమ్మా, నేనేం అల్లరి చేస్తే చాక్లెట్ ఇస్తావు?"

ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేకపోయింది. చెట్లు నరికేవాడికి నరకనందుకు సొమ్మిస్తే, తాతల నాటినుంచీ ఆ చెట్లని కన్నబిడ్డల్లా సాకినవాడు ఏమనుకోవాలి? రేపు ఏ కార్ఖానావాడో వచ్చి, "నా విషపు నీళ్ళు సముద్రంలోకి వదలను, నాకెంతిస్తారు?" అంటే ఏం చెప్పాలి?

చాలా రోజులు ఆలోచించిన మీదట నాకొక తేడా కనబడింది. కార్ఖానావాడికి సముద్రంలో విషం కలిపే హక్కు ఏనాడూ లేదు. లేని హక్కుని వదులుకున్నందుకు ఎవరూ ఎవరికీ బాకీ పడరు. అతనికి వేయాల్సింది జరిమానా. వేటకెళ్ళి నాలుగు చేపలు పట్టుకుని పిల్లలకి అన్నం పెట్టుకోవడం మాత్రం తప్పు కాదు. అది తరతరాల బతుకు. మనందరి మేలు కోసం, రేపటి చేపల కోసం, ఆ బతుకుని రెండు నెలలు ఆపమంటున్నాం. ఆపకపోతే శిక్ష కూడా ఉంది. అలాంటప్పుడు ఆ 20,000 రూపాయలు బుద్ధిగా కూర్చున్నందుకు చాక్లెట్ కాదు, లంచమూ కాదు. మనం ఖాళీ చేయించిన కంచంలో మనం వడ్డించాల్సిన అన్నం.

ఇక బుద్ధిమంతురాలైన పిల్ల సంగతి. తప్పు దానికి ఇవ్వకపోవడంలో ఉంది గాని, ఇవ్వడంలో లేదు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. డబ్బు ప్రవేశించిన చోట మమకారం లేచి వెళ్ళిపోతుందంటారు. ఇజ్రాయెల్‌లో హైఫా అనే ఊరుంది. అక్కడి శిశుసంరక్షణ కేంద్రాల్లో సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారని, కొన్ని కేంద్రాల్లో ఆలస్యానికి చిన్న జరిమానా పెట్టి చూశారు. యూరీ గ్నీజీ, ఆల్దో రుస్తిచీని అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు 2000లో ఈ సంగతి రాశారు. జరిమానా పెడితే ఆలస్యాలు తగ్గాలి కదా? తగ్గలేదు సరికదా, ఇంచుమించు రెట్టింపయ్యాయి! అంతకు ముందు, "పాపం, ఆ టీచరమ్మ మన కోసం కూర్చుని ఉంటుంది" అని పరుగెత్తుకొచ్చేవాళ్ళు. జరిమానా వచ్చాక, "డబ్బిస్తున్నాంగా!" అని నింపాదిగా రావడం మొదలుపెట్టారు. తరువాత జరిమానా ఎత్తేసినా పోయిన మొహమాటం తిరిగి రాలేదు.

ఇది చదివి నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. మొహమాటం అనేది ఎంత విలువైన సరుకో, ఒకసారి అమ్ముకుంటే మళ్ళీ కొనుక్కోలేం కాబోలు!

మరి డబ్బివ్వకూడదనేనా? అక్కడే నాకు గుజరాత్ సంగతి గుర్తొచ్చింది.

సౌరాష్ట్ర తీరానికి తిమింగల సొరలు వస్తాయి. నలభై అడుగుల దాకా పెరిగే చేప, కాని సాధువు. మనిషి జోలికి రాదు. ఒకప్పుడు అక్కడి జాలర్లు దాన్ని వేటాడేవాళ్ళు. దాని కాలేయం నూనె చెక్క పడవలకి నీళ్ళు పట్టకుండా పూసేవాళ్ళు. మాంసం విదేశాలకి వెళ్ళేది. మైక్ పాండే అనే ఆయన ఆ వేట మీద 2000లో 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' అని ఒక డాక్యుమెంటరీ తీశారు. ఆ మరుసటేడు, 2001లో, దాన్ని చంపడం మన దేశంలో చట్టరీత్యా నేరమైంది. కాని చట్టం ఢిల్లీలో ఉంటుంది, వల సముద్రంలో ఉంటుంది. 2004లో అక్కడ ఒక ప్రచారం మొదలైంది. రామకథ చెప్పే మొరారి బాపు జాలర్ల మధ్యకి వెళ్ళి చెప్పిన మాట ఒక్కటే: ఇది కాన్పుకి పుట్టింటికొచ్చిన ఆడపిల్ల లాంటిది, కన్నకూతుర్ని ఎవరైనా చంపుకుంటారా? దానికి 'వ్హాలీ' అని పేరు పెట్టుకున్నారు. ప్రియమైనది అని అర్థం. కత్తులు పట్టిన చేతులే, వలలో చిక్కిన వ్హాలీని విడిపించడానికి వల కోయడం మొదలుపెట్టాయి. అలా వందల సొరలు తిరిగి సముద్రంలోకి వెళ్ళాయి.

ఎంత అందమైన కథ! నేనైతే నవలని ఇక్కడే ముగించేసి ఉండేదాన్ని. కాని అసలు విషయం దీని తరువాత ఉంది. వల ఊరికే రాదు. కోసిన వల మళ్ళీ కొనుక్కునేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని కోసిన వలకి అటవీశాఖ పరిహారం ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట్లో అధికారి వచ్చి చూసేదాకా ఆగాల్సి వచ్చేది, ఈలోగా పాపం ఆ చేప వలలో కొట్టుకునేది. తరువాత జాలర్లకే కెమెరాలిచ్చి, మీరే ఫొటో తీసుకుని వదిలేయండి, అది చూపిస్తే చాలన్నారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ నమ్మకమే. కూతురన్న మాట ముందు, వల ఖరీదు వెనక. మా విశాఖ దగ్గర తంతడి తీరంలోనూ 2021 డిసెంబరులో వలలో చిక్కిన పెద్ద తిమింగల సొరని జాలర్లూ అటవీశాఖవాళ్ళూ కలిసి మళ్ళీ సముద్రంలోకి పంపారు.

కూతురు పురిటికొస్తే ఖర్చుండదా మరి? నా మొదటి కాన్పుకి మా నాన్నగారు ప్రావిడెంట్ ఫండులోంచి అప్పు తీశారని ఆయన పోయిన తరువాత పాత కాగితాలు చూస్తే తెలిసింది. అప్పు తీశారు కనక ఆయన ప్రేమ తక్కువైందా? ఎవరైనా ఆ రోజు ఆయనకి ఆ డబ్బు సర్దుబాటు చేసి ఉంటే ఆయన ప్రేమ అమ్ముడైపోయేదా? ప్రేమ ఉన్నంత మాత్రాన బియ్యం ఉడకదు. బియ్యమిచ్చినంత మాత్రాన ప్రేమ ఎగిరిపోదు. ఇచ్చే తీరులో ఉంటుంది అంతా.

దీనికి మన భాషలో చక్కని మాట ఉంది. కొసరు.

మా వీధిలోకి చేపలు తెచ్చే ఆమె పదిహేనేళ్ళుగా మా ఇంటికొస్తోంది. తట్ట దించగానే మొదలవుతుంది మా ఇద్దరి యుద్ధం. ఆమె నాలుగొందలంటుంది. నేను మూడొందలంటాను. ఆమె తట్ట ఎత్తుకోబోతుంది. నేను లోపలికి వెళ్ళబోతాను. మూడొందల యాభైకి సంధి కుదురుతుంది. డబ్బు రొంటిన దోపుకున్నాక, వెళ్తూ వెళ్తూ, ఒక గుప్పెడు చిన్న రొయ్యలో, నాలుగు నెత్తళ్ళో నా గిన్నెలో పడేస్తుంది. ఆ గుప్పెడుకి ధర లేదు. అడిగి కొనేది కాదు. అది నాకూ ఆమెకూ మధ్య ఉన్న పదిహేనేళ్ళు.

అయితే ఒక్కటి గమనించండి. ఆమె ఏనాడూ అసలు అమ్మకుండా కొసరు ఇవ్వలేదు. నేను ఖాళీ చేతుల్తో వెళ్ళి, "చేపలొద్దు గాని, ఆ కొసరు పెట్టు" అంటే నా మొహం చూసి నవ్వుతుంది. కాని మనం చేస్తున్నది సరిగ్గా అదే! పడవవాడికి సముద్రం మీద ప్రేమ ఉండాలంటాం, అడవిలో ఉండేవాడికి అడవి మీద భక్తి ఉండాలంటాం. అసలు ఇవ్వకుండా కొసరు అడుగుతున్నాం. హైఫాలో జరిగింది దానికి తలకిందులు. కొసరుకి కూడా రేటు కట్టి బోర్డు పెట్టారు. రెండూ పొరపాటే.

ఇంతవరకూ ఆలోచించి నా బుర్రకి నేనే శభాష్ చెప్పుకున్నాను. ఆ శభాష్ మే నెలలో ఒక మధ్యాహ్నం దిగిపోయింది.

వేట లేని రోజులు. ఎర్రటి ఎండలో ఆమె తట్టలో ఎండు నెత్తళ్ళు వేసుకుని వచ్చింది. మంచినీళ్ళిచ్చి, అరుగు మీద కూర్చోమని, నాకు తెలిసిన శుభవార్త ఉత్సాహంగా చెప్పాను.

"ఈసారి ఇరవై వేలిచ్చారటగా! కాస్త ఊపిరాడిందా?"

"మా ఆయనకిచ్చారమ్మా. బేంకీలో పడ్డాయి."

"నీకో?"

"నాకేటిత్తారు? నానేటి ఏటకెల్తానేటి?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమే విడమరిచి చెప్పింది. సముద్రంలోకి వెళ్ళేవాళ్ళకే ఆ డబ్బు. తెల్లారకుండా హార్బరుకెళ్ళి, వేలంలో చేపలు పాడుకుని, తట్ట నెత్తినెట్టుకుని ఇరవై వీధులు తిరిగేవాళ్ళు సముద్రంలోకి వెళ్ళరు కదా! వల ఆగితే ఆమె తట్టా ఆగుతుంది. కాని లెక్కలో ఉన్నది వలే.

"పోనీలే, ఇంటికే కదా వచ్చాయి. ఇద్దరికీ కలిపే అనుకో" అన్నాను, ఏదో ఒకటి అనాలి కనక.

ఆమె నీళ్ళ గ్లాసు కింద పెట్టి నా వంక చూసింది. "మీరు కతలు రాత్తారంట గదమ్మా. ఆ డబ్బులు మీ ఆయనకిచ్చేత్తారేటి, ఇద్దరికీ కలిపేనని?"

నేను ఏం చెప్పను! మా అత్తగారు గుమ్మంలో నిలబడి వింటున్నారు. ఆవిడ మూతి బిగించి నవ్వు ఆపుకోవడం నాకు కనబడింది.

మంచిపని చేసేవాళ్ళకి డబ్బివ్వాలా వద్దా అని నేను ఇన్నాళ్ళూ తర్జనభర్జన పడ్డాను. మంచిపని చేస్తున్నది ఎవరో ముందు లెక్క పెట్టాలని తట్టనే లేదు. పట్టా ఎవరి పేరున ఉందో, పడవ ఎవరి పేరున ఉందో చూసి పరిహారం రాస్తాం. పుల్లలేరుకునే ఆమె, తట్ట మోసే ఆమె, చేపలు ఎండబెట్టే ఆమె ఏ పేరునా ఉండరు. వాళ్ళ నష్టం మాత్రం కచ్చితంగా వాళ్ళ పేరునే ఉంటుంది. నా కూతురు అడిగిన ప్రశ్నే ఇది. అల్లరి చేసే అవకాశం కూడా లేనివాళ్ళకి చాక్లెట్ ఎవరిస్తారు?

మరి ఈ డబ్బు ఎవరివ్వాలి? "నువ్వు తిన్నావు కదరా" అన్న మా అత్తగారి మాటలోనే దానికి జవాబుంది.

న్యూయార్క్ నగరానికి మంచినీళ్ళు చాలావరకు దూరాన ఉన్న క్యాట్స్‌కిల్ కొండల వైపు నుంచి వస్తాయి. ఆ నీటిని వడగట్టే పెద్ద కర్మాగారం కట్టాలంటే వందల కోట్ల డాలర్లవుతుంది. దానికి బదులు, పైన కొండల్లో ఉన్న రైతులు పేడా మురుగూ వాగుల్లో కలవకుండా చూసుకునేందుకు నగరమే ఖర్చు పెట్టుకుంటానని 1997లో ఒప్పందం చేసుకుంది. నీళ్ళు తాగేవాళ్ళు నీళ్ళు కాపాడేవాళ్ళకి ఇచ్చుకుంటున్నారు. దీన్ని దానమని ఎవరూ అనలేదు. కోస్టారికా అనే చిన్న దేశం 1996లో చట్టం చేసి, అడవిని నిలబెట్టిన భూస్వామికీ రైతుకీ డబ్బివ్వడం మొదలుపెట్టింది. ఆ సొమ్ములో పెద్ద భాగం పెట్రోలూ డీజిలూ మీద వేసిన పన్నులోంచి వచ్చింది. పొగ వదిలేవాడు చెట్టు పెంచేవాడికి ఇచ్చుకోవడమన్నమాట.

మరి మా ఇంటి సంగతి? ఆ రెండు నెలలూ మేం పోగొట్టుకున్నదేమిటి? ఆదివారం చేపల పులుసు బదులు కోడికూర తిన్నాం. అంతే. జూన్‌లో సముద్రం నిండుగా ఉంటే ఆ లాభంలో మా వాటా మేం తింటాం. రెండు నెలల పస్తులో మాత్రం వాటా లేదు. అయినా పర్యావరణం మీద వ్యాసాలు రాసేదీ, పోస్టర్లు వేయించేదీ, జాలర్లకి బాధ్యత ఉండాలని ఉపన్యాసాలిచ్చేదీ మనమే. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారే, అలా ఉంది మన పుణ్యం. ఇరవై వేలు దండగని పేపరు చూసి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను కనక ఈ మాట ధైర్యంగా రాస్తున్నాను.

జూన్ మూడో వారంలో ఆమె మళ్ళీ వచ్చింది. తట్టలో కానాగంతలు తళతళలాడుతున్నాయి. కబురు తెలిసినట్టు మా పిల్లి కూడా వచ్చి కూర్చుంది.

"ఎంత?" అన్నాను.

"నాలుగొందలమ్మా."

నేను మాట్లాడకుండా లోపలికెళ్ళి నాలుగు వంద నోట్లు తెచ్చి ఇచ్చాను. నా మనసులో పెద్ద ధర్మకార్యం చేసిన తృప్తి. ఆమె నోట్లు తీసుకోలేదు. నన్ను ఎగాదిగా చూసింది.

"ఏటమ్మా, బేరమాడ్డం లేదు? ఒంట్లో బాగోలేదేటి?"

"అది కాదు. రెండు నెలలు ఇబ్బంది పడ్డావు కదా అని..."

ఆమె మొహం ముడుచుకుంది. "నానేటి ముట్టెత్తుకుంతన్నానేటమ్మా? బేరమాడండి!"

అప్పుడు తెలిసింది నాకు, ఇవ్వడంలో ఎంత సులువుగా తప్పు చేయవచ్చో. ఆమెకి రావలసింది ఆమె పేరున రావాలి, ఆమె నష్టానికి లెక్కకట్టి, హక్కుగా రావాలి. నా గుమ్మంలో నా జాలిగా కాదు. ఆ హక్కు కోసం నేను రాయగలను, అడగగలను, ఇంకో పది రూపాయలు పన్ను కట్టమంటే సణక్కుండా కట్టగలను. కాని నా తృప్తి కోసం పదిహేనేళ్ళ మా బేరాన్ని భిక్షగా మార్చే అధికారం నాకు లేదు.

గొంతు సవరించుకున్నాను. "మూడొందలు" అన్నాను.

ఆమె తట్ట ఎత్తుకోబోయింది. నేను లోపలికి వెళ్ళబోయాను. మూడొందల డెబ్భైకి కుదిరింది. మామూలు కంటే ఇరవై ఎక్కువే, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం పైకి అనలేదు. నోట్లు రొంటిన దోపుకుని, వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, నా గిన్నెలో ఒక గుప్పెడు రొయ్యలు పడేసింది.